ఒకే తానులో రెండు కుర్తాలు

జూన్ 26

హారిక మేడం రోజూ డైరీ రాయమన్నారు. ఏం రాయాలని అడిగాను. "ఏదైనా" అన్నారు. ఏదైనా అంటే నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు, వరసగా రాస్తాను.

మే 18న మా ఫుప్పు, అంటే మేనత్త, కొడుకు పెండ్లి విందు, వలీమా దావత్. అమ్మ నాకు చెల్లెలు ఆసిమా పెండ్లినాటి జరీ లెహంగా వేసింది. మెడ దగ్గర గీసుకుంటోందని చెప్పాను. "రెండు గంటలు ఓర్చుకో" అంది. ఫంక్షన్ హాల్లో పాటల డబ్బా సరిగ్గా నా పక్కనే పెట్టారు. ఒక ఖాలా, పిన్ని వరస, వచ్చి నా గడ్డం పట్టుకుని అమ్మతో, "ఇరవై ఎనిమిదేండ్లొచ్చె. ఇంకెన్నొద్దులు ఇంట్ల పెట్టుకుంటవ్ దీన్ని" అంది. ఇంకొకామె నా దుపట్టా సర్దింది. సర్దినదాన్నే వేరొకామె మళ్లీ సర్దింది. ఆ తర్వాత గుర్తున్నది చేతులు కడుక్కునే చోట నేల మీద కూర్చుని ఉండటం, తమ్ముడు సోహెల్ నా చెప్పులు పట్టుకుని నిలబడి ఉండటం. నోరు పెగల్లేదు. నాలుగు రోజులు పెగల్లేదు. లోపల మాటలున్నాయి, బయటికి తోవ లేదు.

మొదట దర్గా నీళ్లు. తర్వాత మెడలో తాయెత్తు. దాని దారం నైలాన్, అది ఇంకో బాధ. తర్వాత దవాఖాన. అక్కడి డాక్టర్ గోలీలు రాసి హన్మకొండలో సైకాలజిస్ట్ హారిక మేడం దగ్గరికి పంపాడు. నాలుగుసార్లు వెళ్లాను. నిన్న చెప్పారు, ఆటిజం అని.

"గది చిన్న పోరలకు గదా వచ్చేది" అంది అమ్మ.

"వచ్చేది కాదమ్మా, పుట్టినప్పటి నుంచి ఉన్నదే. ఇన్నేండ్లు ఎవరు చూడలేదు" అన్నారు మేడం.

అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఆ సంగతి అమ్మకు చెప్పకూడదని తెలుసు, చెప్పలేదు.

మేడం ఇచ్చిన ఫారంలో ఒక్క గడి ఖాళీగా వదిలాను. స్త్రీ, పురుషుడు, ఇతరులు అని ఉన్న చోట. "మర్చిపోయినవా" అన్నారు. మర్చిపోలేదన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా పెన్ను మూత పెట్టారు.

జూన్ 27

ఈ రోజు బాగున్నాను.

జూన్ 28

ఈ రోజు కూడా బాగున్నాను.

జూలై 2

మేడం పోయినసారి రాసిన రెండు వాక్యాలు చూసి నవ్వారు. చూపించమని ఆమె అడగలేదు, నేనే చూపించాను. ఇక చూపించను. చూపిస్తానని తెలిస్తే బాగున్నానని రాస్తాను.

బాగా లేను.

మా ఇల్లు మండి బజార్ వెనక గల్లీలో. ముందు గది అబ్బా, అంటే నాన్న, దుకాణం. ఖాజా పాషా, జెంట్స్ టైలర్. నలభై ఏళ్ల దుకాణం. పరదాకు ఇవతల నేను. అబ్బా గిరాకీల కొలతలు తీసి పైకి చెబుతాడు, నేను నోటుబుక్కులో రాసుకుంటాను. కత్తిరించేది నేను, కుట్టేది నేను. ఇంటర్ అయ్యాక డిగ్రీ కాలేజీకి పదకొండు రోజులు వెళ్లాను. బెల్లు, బెంచీలు, అందరూ ఒకేసారి మాట్లాడటం. పన్నెండో రోజు నుంచి మిషన్ ముందు కూర్చున్నాను. పదేళ్లయింది.

నాకు ముఖాలు గుర్తుండవు. కొలతలు గుర్తుంటాయి. కాజీపేట సదానందం సార్ ఎలా ఉంటాడో తెలియదు. ఛాతీ నలభై రెండు, ఎడమ భుజం కుడి కంటే అరంగుళం కిందికి.

జూలై 5

ఆ గడి గురించి.

ఇంట్లో అందరికీ లోపల ఏదో ఉన్నట్టుంది. ఆసిమాను ఫోన్‌లో అడిగాను, "నువ్వు ఆడపిల్లవని నీకెట్ల తెలుసు?"

"గదేం సవాలు ఆపా. తెలుసు, గంతే."

సోహెల్‌ను అడిగాను. వాడు తన గడ్డం చూపించాడు. గడ్డం కాదు, లోపల ఎట్లా తెలుసని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఎవలన్న కాదంటే కోపమొస్తది. అట్ల తెలుస్తది" అన్నాడు. మంచి జవాబే. నన్ను ఎవరైనా ఆడపిల్లవు కాదంటే కోపం వస్తుందా అని చూసుకున్నాను. రాదు. మగవాడివి కాదన్నా రాదు. ఆ చోట చెయ్యి పెట్టి వెతికితే ఏమీ తగలడం లేదు.

చిన్నప్పుడు ఒక సంగతి. అబ్బా నన్ను బేటా అని పిలుస్తాడు. అది కొడుకు అనే మాట అని ఏడో తరగతిలో ఎవరో చెప్పారు. మూడు రోజులు లోపల్లోపల చాలా సంతోషంగా ఉన్నాను. నాలుగో రోజు ఆసిమాను కూడా బేటా అని పిలిచాడు.

జూలై 9

దవాఖాన డాక్టర్ దగ్గరికి గోలీల కోసం వెళ్లాం. గడి సంగతి ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన నావైపు చూడకుండా అమ్మతో, "ఇది వేరే ఏం కాదు. ఈ ఆటిజం ఉన్నోళ్లకు బట్టలు పడవు. జరీ గుచ్చుకుంటది, దుపట్టా బరువైతది. అందుకని ఆడోళ్ల బట్టలంటే ఇష్టం ఉండదు. దాన్నే ఈమె పెద్దగ అనుకుంటాంది" అన్నాడు.

అమ్మ ముఖం తేలికపడింది. దారంతా, ఆటోలో కూడా, "బట్టనేనట. మెత్తటివి కుట్టుకో" అంటూనే ఉంది.

ఆయన అన్నది నిజం కావచ్చు. జరీ నిజంగానే గుచ్చుకుంటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా నన్ను ఇబ్బంది పెడుతున్నది గుడ్డేనా? అదే అయితే ఎంత సులువు. అదే అయితే బాగుండు.

జూలై 10

తేల్చుకోవచ్చు. నేను టైలర్‌ని.

జూలై 14

తెల్లటి మెత్తటి కాటన్ తాను ఒకటి తెప్పించాను. మూడుసార్లు ఉతికి ఆరేశాను. అదే తానులోంచి రెండు కుర్తాలు. అదే దారం, అవే గుండీలు, మెడ దగ్గర లేబుల్ లేదు, కుట్లన్నీ మడిచి లోపలికి దాచాను, ఎక్కడా ఒంటికి గరుకు తగలదు. ఒకటి లేడీస్ కట్టింగ్, నడుము దగ్గర లోపలికి పట్టి, ఛాతీ దగ్గర మడతలు వేసి. ఇంకోటి జెంట్స్, నిటారుగా. పొడవు రెండింటికీ నలభై అంగుళాలు. కళ్లు మూసుకుని గుడ్డను చేత్తో తడిమితే ఏది ఏదో చెప్పడం కష్టం.

రోజు మార్చి రోజు తొడుక్కుంటాను. ఎంత గుచ్చుకుందో సున్నా నుంచి పది వరకు రాస్తాను. గుడ్డే కారణమైతే రెండింటికీ ఒకే సంఖ్య రావాలి.

జూలై 15. లేడీస్. 2.

జూలై 16. జెంట్స్. 1.

జూలై 17. లేడీస్. 2. ఎవరూ రాలేదు.

జూలై 18. జెంట్స్. 1.

జూలై 19. లేడీస్. 9.

పొద్దున 2 ఉండింది. మధ్యాహ్నం ఫుప్పు వచ్చింది. నన్ను చూసి, "ఇగో, గిట్లుండాలె ఆడపిల్ల అంటె. ఎంత మంచిగున్నవే" అంది. ఆ క్షణం నుంచి వీపంతా మంట. లోపలికెళ్లి విప్పి కుట్లు చూశాను. ఒక్క పోగు కూడా లేచి లేదు.

జూలై 22

రాసిన సంఖ్యలు మళ్లీ చూశాను. జూలై 19నాటి గుడ్డ, జూలై 15నాటి గుడ్డ ఒకటే. ఒళ్లూ అదే. మధ్యలో వచ్చింది మాట.

అంటే డాక్టర్ చెప్పింది తప్పా? సగం తప్పా? జరీ కూడా నిజమే కదా.

జూలై 24

జెంట్స్. 6.

ఇది ఎందుకో అర్థం కావడం లేదు. సోహెల్ డ్యూటీకి పోతూ, నన్ను చూసి, "క్యా భాయ్" అని, అన్నను పలకరించినట్టు అన్నాడు. ఆట పట్టించడానికే, ప్రేమగానే. సంతోషం కలగాలి. ఏడో తరగతిలో కలిగినట్టు. కానీ గుచ్చుకుంది. ఫుప్పు మాట కంటే తక్కువ, కానీ గుచ్చుకుంది.

రెండూ కాకపోతే ఇంకేం కుట్టాలి?

జూలై 30

హారిక మేడంకు లెక్కలన్నీ చూపించాను. డైరీ కాదు, లెక్కలు మాత్రమే వేరే కాగితం మీద రాసి. ఆమె చాలాసేపు చదివారు.

"నిన్ను ఎవరు చెయ్యమన్నరు ఇది?"

"ఎవరు చెయ్యమనలె. తెల్సుకోవాలని."

ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది తాము ఆడో మగో తెలియదని ఇలా చెబుతారట. మిగతావాళ్లలో కంటే ఎక్కువమంది. ఎందుకో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదట. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఒకటి ఉందని రెండోది అబద్ధం కాదు అన్నారు. కొన్ని ఇంగ్లీషు మాటలు చెప్పారు. వాటిని ఇంటికొచ్చి ఒక్కొక్కటే పలికి చూశాను. గిరాకీ దుకాణంలో వేలాడుతున్న ఎవరి చొక్కానో తొడిగి చూసుకున్నట్టుంది. ఒకటి భుజాల దగ్గర సరిపోయింది, చేతులు పొడవు.

"తొందర లేదు" అన్నారు మేడం. తొందర ఎవరికి లేదు? అమ్మకు ఉంది.

ఆగస్టు 6

మరిపెడ నుంచి సంబంధం.

ఆగస్టు 7

బాగున్నాను.

ఆగస్టు 17

ఆలోచిస్తున్నాను. నేను నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. అది ఆసిమా అలవాటు. దుపట్టా ఎడమ చేత్తో పట్టుకోవడం ఆసిమా. ఎవరైనా పిల్లల్ని చూపిస్తే "హాయ్, ఎంత ముద్దుగున్నడో" అనడం, ఆ గొంతుతో సహా, ఆసిమా. ఆమె నాకంటే మూడేళ్లు చిన్న. పదేళ్ల వయసు నుంచి ఆమెను చూసి నన్ను నేను కుట్టుకుంటున్నాను. ఆమె పెండ్లయి హైదరాబాద్ వెళ్లాక రెండు నెలలు నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అందరూ చెల్లెలి మీద ప్రేమ అనుకున్నారు. ప్రేమే. కానీ నా నమూనా వెళ్లిపోయింది.

మిగతా ఆడవాళ్లు కూడా ఎవరినో చూసే నేర్చుకుంటారా? అందరూ ఇంతేనా, నేనొక్కదాన్నే దీన్ని పెద్దగా అనుకుంటున్నానా? డాక్టర్ అన్నది అదే కదా.

"నేనొక్కదాన్నే" అని రాశాను. పేజీ చించాలనిపించింది. చించలేదు.

ఆగస్టు 31

వాళ్లు వచ్చి వెళ్లారు. అబ్బాయి పేరు మజర్. మరిపెడలో రోడ్డు మీద మోటార్లు వైండింగ్ చేసే షాపు. అమ్మ నాకు మెత్తటి డ్రెస్సే వేసింది, అంత గుర్తు పెట్టుకుంది. ఇద్దరం ఐదు నిమిషాలు మాట్లాడుకోవచ్చన్నారు. తలుపు తెరిచే ఉంది, బయట ఫుప్పు కూర్చుంది.

అతను కూడా నా కళ్లలోకి చూడలేదు. నేల చూస్తూ, "మీకు ఇష్టమేనా" అన్నాడు.

"ఏది?" అన్నాను.

"సంబంధం."

"మోటార్ కాలిపోతే లోపలి తీగంత తీసి మళ్ల చుడతరు గదా. ఎన్ని చుట్లు?"

అతను తలెత్తి చూశాడు. వెక్కిరింపు కాదని అర్థమైనట్టుంది. మోటారును బట్టి ఉంటుందని చెప్పాడు. మూడు హార్స్‌పవర్ దానికి ఎన్నో, ఐదుకు ఎన్నో వివరించాడు. ఐదు నిమిషాలూ అందులోనే గడిచిపోయాయి. మంచివాడు. అదే కష్టం. చెడ్డవాడైతే కాదనడం తేలిక.

వాళ్లు వెళ్లాక అబ్బా అడిగాడు. సరే అన్నాను. అన్నిటికంటే చిన్న మాట అది.

అందరికీ మంచిదే. నాకూ మంచిదే. మోటార్ల షాపు నిశ్శబ్దంగా ఉంటుందేమో కనుక్కోవాలి.

సెప్టెంబర్ 2

బాగున్నాను.

సెప్టెంబర్ 4

బాగున్నాను. మంగని, అంటే నిశ్చితార్థం, 21న. ఇంట్లోనే, ఇరవై మంది.

సెప్టెంబర్ 7

బాగున్నాను. తిండి లోపలికి పోవడం లేదు. అంతే తప్ప బాగున్నాను.

సెప్టెంబర్ 10

గోలీలు మర్చిపోతున్నాను. మర్చిపోవడం కాదు.

సెప్టెంబర్ 15

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. వరసగా రాయాలి.

12వ తేదీ శుక్రవారం. అబ్బా జుమా నమాజుకు పోయాడు. అమ్మ మంగని బట్టలు నా మంచం మీద పరిచింది. గులాబీ రంగు. నేను చెప్పులు వేసుకుని గల్లీ దాటి ఆటో ఎక్కి కాజీపేట స్టేషన్ అన్నాను. ఎందుకు ఆ పేరు చెప్పానో తెలియదు. చిన్నప్పుడు అబ్బా తీసుకెళ్లేవాడు, రైళ్లు చూడటానికి. అక్కడ ఏ రైలు ఎప్పుడొస్తుందో ముందే చెబుతారు.

ప్లాట్‌ఫారం చివర, నీడ లేని చోట కూర్చున్నాను. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఉత్తరానికి పోయేవి, దక్షిణానికి పోయేవి. ఒకసారి లేచి అంచుదాకా వెళ్లాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇంకోసారి లేవలేదు. ఆ ఒక్కసారి గురించి ఇంతకంటే రాయను. ఇంతకంటే నాకే తెలియదు.

రైలెక్కడానికి వచ్చిన, సోహెల్‌తో పనిచేసే అతను చూసి వాడికి ఫోన్ చేశాడట. సోహెల్ కాదు, అబ్బా వచ్చాడు. నమాజు టోపీ తలమీదే ఉంది. పరుగెత్తినట్టున్నాడు, ఊపిరి ఆగడం లేదు. నా పక్కన కూర్చున్నాడు. నన్ను ముట్టుకోలేదు. అది ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు.

"మజర్ మంచోడు కాదా బేటా" అన్నాడు.

మాట వచ్చింది. నెమ్మదిగా వచ్చింది. "మంచోడే."

"మరేంది?"

"ఆయన ఆడామెను చేసుకుంటాండు అబ్బా. నేను ఆడామెనో కాదో నాకు తెల్వదు."

ఒక గూడ్సు వచ్చింది. అది పోయేదాకా లెక్కపెట్టాను. యాభై ఎనిమిది డబ్బాలు.

"మొగోని లెక్క అనిపిస్తదా?"

"లే."

"మరి ఏమనిపిస్తది?"

"ఏం అనిపియ్యదు. అందరికి ఏదో ఉంటదట గదా లోపట. నా దగ్గర ఆ జాగ ఖాళీగున్నది."

"ఇది మేడం చెప్పిన బీమారీనేనా?"

"అది బీమారీ కాదు. ఇది అదో కాదో మేడంకు కూడ తెల్వదు. రెండు ఒక్కతాన్నే ఉండొచ్చు అన్నది."

అబ్బా టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకేం సమజైతలేదు" అన్నాడు.

"నాకు సుత సమజైతలేదు."

"మరి సరే అని ఎందుకన్నవ్?"

"చిన్న మాటని."

ఆయన ముఖం ఎలా అయిందో నేను చెప్పలేను, ముఖాలు నాకు రావు. టోపీ పెట్టుకున్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "నలభై ఏండ్ల నుంచి కొలతలు తీస్తాన. రెండు భుజాలు సమానమున్న మనిషిని నేను చూడలె. ఒకటి కిందికి, ఒకటి మీదికి. లోపట జర గుడ్డ పెట్టి సరిజేస్తం. గిరాకీకి చెప్పం. చెప్తె బాధపడ్తడు."

"నాకు చెప్పాలె" అన్నాను. "నాకు చెప్పకపోతెనే బాధ."

"అచ్ఛా" అన్నాడు అబ్బా. అంతే అన్నాడు. ఇద్దరం లేచాం.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే, "చావనీకి పోయినవా" అని అడిగింది. తెలియదని చెప్పాను. అబద్ధం చెప్పాల్సిన చోటు అదని తర్వాత అర్థమైంది. అమ్మ అక్కడే గడప మీద కూలబడింది.

సెప్టెంబర్ 16

అబ్బా మరిపెడకు ఫోన్ చేశాడు. పరదా ఇవతల నుంచి విన్నాను. "అమ్మాయి పాణం బాగుంటలేదు భాయ్. మా తప్పే. మాఫ్ చెయ్యిండ్రి."

ఫోన్ పెట్టాక అడిగాను, "నిజం ఎందుకు చెప్పలె?"

"ఏ నిజం చెప్పాలె బేటా? తెల్వదంటివి గదా. తెల్వంది ఎట్ల చెప్పుడు?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టలేకపోయాను. అయినా మజర్‌కు ఇంకో మాట చెప్పి ఉండాల్సింది. అతను మోటార్ల గురించి అంత ఓపిగ్గా చెప్పాడు.

సెప్టెంబర్ 18

హారిక మేడం సూటిగా అడిగారు. చావాలని ఉందా, ఎన్నిసార్లు అనిపించింది, ఇప్పుడు ఉందా. సూటి ప్రశ్నలకు జవాబు చెప్పగలను. ఇప్పుడు లేదు. అప్పుడు ఉందో లేదో తెలియదు. గోలీలు మానేశానని కూడా చెప్పాను. దవాఖాన డాక్టర్‌ను మార్చారు. ఈ కొత్తామె నాతోనే మాట్లాడింది, అమ్మతో కాదు.

ఒక చిన్న అట్టముక్క ఇచ్చారు. "నాకు ఇప్పుడు మాట రావడం లేదు. కాసేపు ఉంటే వస్తుంది. నన్ను ముట్టుకోకండి" అని నేనే నా చేత్తో రాశాను. వెనకవైపు మూడు ఫోన్ నంబర్లు. మొదటిది ఎవరిదని అడిగారు. సోహెల్‌ది అన్నాను. రెండోది మేడంది. మూడోది రాయడానికి చాలాసేపు పట్టింది. అమ్మది రాశాను.

సెప్టెంబర్ 24

అమ్మ మాట్లాడటం లేదు. పన్నెండు రోజులు.

సెప్టెంబర్ 25

పదమూడు. కంచం పెట్టి వెళ్లిపోతుంది. అన్నం ఒక పక్క, పప్పు గిన్నెలో వేరుగా, కూర ఇంకో గిన్నెలో. ఒకటి ఇంకోదానికి తగలకుండా. కోపంలో కూడా తగలనివ్వడం లేదు. చిన్నప్పటి నుంచి ఇంతే పెడుతోంది, నేను ఎప్పుడూ గమనించలేదు. ఎవరి ఇంట్లో అన్నా ఇలాగే పెడతారనుకున్నాను.

సెప్టెంబర్ 27

మిషన్ దగ్గర కూర్చుని ఉంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది. నేను కాళ్లు ఆపాను.

"నీకు ఏది నచ్చదో మొత్తం తెల్సు నాకు" అంది. "కుక్కర్ విజిల్ నచ్చది. ట్యూబ్‌లైట్ నచ్చది. చీర నచ్చది, ఎవలన్న మీద చెయ్యేస్తె నచ్చది. ఇరవై ఎనిమిదేండ్ల నుంచి లెక్కపెట్టుకుంటాన. నచ్చేదేందో ఎన్నడన్న చెప్పినవా? చెప్తెనే గదా నేను చేసేది."

ఏం నచ్చుతుందో ఆలోచించాను. చాలాసేపు పట్టింది. అమ్మ కదలకుండా నిలబడింది.

"కాలర్ తిప్పి మూల బయటికి తీస్తం గదా. అది సూదిగా వస్తె నచ్చుతది" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం అంటారు కదా, అది ఇదేనేమో. "గదేనా" అంది. వంటింట్లోకి వెళ్లి అక్కడ ఏడ్చింది. వినిపించింది. మళ్లీ తప్పు జవాబు చెప్పినట్టున్నాను. కానీ అది నిజమైన జవాబు.

అక్టోబర్ 8

ఫుప్పు వచ్చింది. మరిపెడవాళ్లు అడుగుతున్నారట, ఏం బీమారీ అని. వేరే ఎక్కడన్నా చూద్దామా అంది. అమ్మ చాయ్ పోస్తూ, "ఇప్పుడు చూడం వదినా" అంది.

"ఎప్పుడు చూస్తరు మరి?"

"ఎప్పుడో తెల్వదు" అంది అమ్మ. నాలాగే అంది. ఆమె నన్ను చూసి నేర్చుకుందా?

అక్టోబర్ 21

అబ్బాకు కండ్లు మసకబారి ఏడాది పైనే అయిందట. ఎవరికీ చెప్పలేదు. కొలతలు ఒక అంగుళం అటూ ఇటూ వస్తుంటే నేను లోపల సరిచేస్తూ వచ్చాను. నేనూ చెప్పలేదు. మొన్న ఒక పెండ్లికొడుకు షేర్వానీ కొలత రెండంగుళాలు తప్పింది. అప్పుడు సోహెల్ దవాఖానకు తీసుకెళ్లాడు. కంట్లో పొర. నెలాఖరుకు ఆపరేషన్.

"దుకాణం రెండు నెలలు బంద్ పెడదాం" అంది అమ్మ.

"గిరాకీ ఒక్కసారి వేరే దుకాణం చూసిండంటె మళ్ల రాడు" అన్నాడు అబ్బా.

ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ నా గురించే ఆలోచిస్తున్నారు. నాకు అది మామూలుగా తెలియదు. ఈ రోజు తెలిసింది.

అక్టోబర్ 23

మగవాళ్ల భుజాలు, ఛాతీ, నడుము. అంత దగ్గరగా నిలబడాలి. వాసనలు, ఊపిరి. నాకు చేతకాదు. పైగా ఏమంటారు వాళ్లు? ఆడపిల్ల చేతికి కొలత ఇవ్వరు. ఇక్కడ ఏ జెంట్స్ టైలర్ దగ్గరా అలా లేదు.

సోహెల్ మీద ప్రయత్నించాను. వాడు నిలబడ్డాడు, ఫోన్ చూసుకుంటూ. వింత ఏమిటంటే, ఎవరో నన్ను ముట్టుకుంటే కదా మంట. నేను ముట్టుకుంటే లేదు. ముట్టుకునేది కూడా నేను కాదు, టేపు. ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో అంతా ముందే నిర్ణయమై ఉంది. ఎనిమిది కొలతలు, అయిపోతుంది.

అక్టోబర్ 24

సోహెల్ మళ్లీ నిలబడ్డాడు. కొలతలన్నీ నిన్నటివే వచ్చాయి, పొట్ట తప్ప. బిర్యానీ తిన్నానన్నాడు.

నవంబర్ 3

అబ్బా ఆపరేషన్ అయింది. నల్లద్దాలు. దుమ్ము తగలకూడదు, వంగకూడదు. దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చుంటానంటాడు. గిరాకీ ఎవరూ రాలేదు. నేను కుర్తా వేసుకుని లోపల కూర్చున్నాను. ఏ కుర్తానో రాయను. ఈ మధ్య చూసుకోకుండా చేతికి ఏది వస్తే అది తొడుక్కుంటున్నాను. సంఖ్యలు రాయడం మానేశాను. ఒక్కోరోజు 1, ఒక్కోరోజు 8. ఎందుకో తెలియదు.

నవంబర్ 5

మధ్యాహ్నమంతా పడుకున్నాను. చెడ్డ రోజు. అట్టముక్క సోహెల్‌కు చూపించాను. వాడు తలుపు దగ్గర నేల మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, తన ఫోన్‌లో ఏదో చూసుకున్నాడు. అది బాగుండింది.

నవంబర్ 10

వరసగా రాస్తాను.

పదకొండున్నరకు సదానందం సార్ వచ్చాడు. రైల్వేలో గార్డు చేసి రిటైరైనవాడు, ఇరవై రెండేళ్ల గిరాకీ. గొంతును బట్టి గుర్తుపట్టాను. మనవరాలి పుట్టినరోజు ఉందట, రెండు చొక్కాలు కావాలన్నాడు. గుడ్డ తెచ్చుకున్నాడు.

"కండ్లు ఎట్లున్నయి పాషా భాయ్? మరి కొలత ఎవరు తీస్తరు?"

"మా టైలర్ తీస్తరు సార్" అన్నాడు అబ్బా.

"టైలర్‌ను పెట్టుకున్నవా?"

"మొదటి సంది ఉన్నరు. మీ అంగీలన్ని వాళ్లు కుట్టినయే. పదేండ్ల నుంచి."

నేను పరదా ఇవతల నిలబడి ఉన్నాను. అబ్బా నా గురించి ఎప్పుడూ "రు" పెట్టి మాట్లాడలేదు. కుట్టింది అంటాడు, తిన్నది అంటాడు. ఈ రోజు తీస్తరు, ఉన్నరు. ఆ మాటలో ఆడా లేదు, మగా లేదు. గిరాకీ ముందు మర్యాద కోసం అన్నాడో, కావాలనే అన్నాడో తెలియదు. అడగాలనుకున్నాను. ఇంకా అడగలేదు. అడిగితే మర్యాద కోసమే అంటాడేమోనని.

బయటికి వెళ్లాను. సదానందం సార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అమ్మాయా" అన్నాడు. ఇబ్బందిగా అబ్బా వైపు చూశాడు. అబ్బా నల్లద్దాలతో వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు, ఏమీ వినపడనట్టు.

మాట రాదేమో అనుకున్నాను. అట్టముక్క జేబులోనే ఉంది. తీయలేదు. టేపు చేతిలో ఉంది కాబట్టి ఏం చెయ్యాలో తెలుసు.

"ఎడమ భుజం కుడి దానికంటె అరంగుళం కిందికుంటది సార్ మీకు" అన్నాను. "బరువు ఆ దిక్కే మోసిండ్రా?"

సార్ తన భుజం తనే చూసుకున్నాడు. "లైన్ బాక్సు" అన్నాడు. "ముప్పై ఏండ్లు. గది నీకెట్ల తెల్సు?"

"మీ అంగీల లోపట గుడ్డ పెట్టి కుడతాన. మీకు తెల్వదు."

బాధపడతాడేమో, అబ్బా చెప్పినట్టు. కానీ ఆయన చేతులు పక్కకు చాచి నిలబడ్డాడు. తీశాను. ఛాతీ నలభై ఒకటి, ఒకటి తగ్గింది. మెడ పదహారు. ఎనిమిది కొలతలు. నడుము మాత్రం రెండుసార్లు తీశాను.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "మీ నాయినను పాషా భాయ్ అంట. మరి నిన్ను ఏమని పిలవాలె? టైలర్‌ను పట్టుకుని అమ్మా, బిడ్డా అంటె ఎట్లుంటది."

ఆయన మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం వీధిలోని చప్పుళ్లన్నీ ఆగినట్టయింది. లోపల వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె కూడా ఆగింది.

"ఇంకా తెల్వదు సార్" అన్నాను. "అంగీలు గురువారం తయారుంటయి."

"అచ్ఛా, గురువారం వస్త" అన్నాడు సార్, చెప్పులు వేసుకుంటూ.